ఏడాదికి 55 నిమిషాలు

(విశాఖపట్నంలో ఇంగ్లిషు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గాజువాక, పెందుర్తి, భీమిలి వైపు నుంచే కాకుండా పాడేరు కొండల మీద నుంచి కూడా కొందరు వచ్చారు. తిరిగి బస్సు అందుకోవాలి కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. తరగతిలో 40 మంది పిల్లలు, పీరియడ్ 45 నిమిషాలు. హాజరు వేయడానికి, పుస్తకాలు తీయించడానికి 5 నిమిషాలు పోతాయి. మిగిలిన 40లో మనం 30 నిమిషాలు మాట్లాడామనుకుందాం. ఇది ఎక్కువ చేసి చెప్పిన సంఖ్య కాదు, పాఠం వివరిస్తూ పోతే ఇట్టే గడిచిపోతుంది. మిగిలిన 10 నిమిషాల్లో ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే తలకు 15 సెకన్లు వస్తాయి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. ఆ 220 రోజులూ రోజుకో ఇంగ్లిషు పీరియడ్ తప్పకుండా జరిగినా, ఒక పిల్ల నోటికి దక్కేది ఏడాది మొత్తం మీద 55 నిమిషాలు. గంట కూడా లేదు.

అవే 10 నిమిషాలు ఇద్దరిద్దరిగా మాట్లాడుకోనిస్తే ఒక్కొక్కరికి 5 నిమిషాలు వస్తుంది. ఏడాదికి 18 గంటల పైమాటే. పుస్తకం అదే, పిల్లలు వాళ్ళే, మాస్టారూ మారలేదు. కాలాన్ని పంచిన తీరు మారింది, అంతే.

నేను చెప్పదలచుకున్నది ఈ లెక్కలోనే ఉంది. ఉపాధ్యాయుడి వృత్తి ఎదుగుదల అనే పెద్ద మాటకి నా వరకు అర్థం ఇంతే: మన గదిలో జరుగుతున్నదాన్ని లెక్క కట్టి చూడటం, ఒక్క అలవాటు మార్చడం, మళ్ళీ లెక్క కట్టడం. దీనికి తోటి టీచరు ఒకరు తోడుండాలి.

శిక్షణ సంస్థలు మనకు లేకపోలేదు. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైన సంస్థే నేటి ఇఫ్లూ, అంటే ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. బెంగళూరులో దక్షిణాది రాష్ట్రాల కోసం పెట్టిన ప్రాంతీయ ఇంగ్లిషు సంస్థ ఉంది. ఇంగ్లిషు ఉపాధ్యాయుల సంఘం ఎల్టాయ్ దశాబ్దాలుగా నడుస్తోంది. మనకు దగ్గర్లో భీమునిపట్నంలో జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ అవకాశం ఉండాలని చెప్పింది. అయితే శిక్షణ మెట్లు మెట్లుగా దిగుతుంది: రాష్ట్ర స్థాయిలో నేర్చుకున్నవాళ్ళు జిల్లాకి, జిల్లావాళ్ళు మండలానికి చెప్తారు. మెట్టు దిగినకొద్దీ రోజులు తగ్గుతాయి. రోజులు తగ్గినప్పుడు ముందు కోత పడేది ఉపన్యాసానికి కాదు, చేసి చూపించే భాగానికి, మనచేత చేయించే భాగానికి. పైన పాఠం నడిపి చూపించిన పద్ధతి కింద స్లైడు మీద నాలుగు వాక్యాలై మిగులుతుంది. మనం వాటిని రాసుకుని ఇంటికెళ్తాం. చెప్పినవాళ్ళ శ్రద్ధలో లోపం ఉందని నేను అనను. పద్ధతి చేతికి రావాలంటే చేతితో చెయ్యాలి, ఆ పని బడిలో తప్ప మరోచోట పూర్తి కాదు.

సరే, లెక్క కట్టడం ఎలా?

మీ ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డర్ నొక్కి బల్ల మీద పెట్టండి. హెడ్‌మాస్టరుకి ముందే చెప్పండి, పిల్లలకూ చెప్పండి. మొదటి రోజు పిల్లలు ఫోను వైపే చూస్తారు, అందుకని రెండో రోజు రికార్డింగునే వాడండి. పీరియడంతా వినక్కర్లేదు, వినలేం కూడా. పదో నిమిషం నుంచి ఇరవయ్యో నిమిషం దాకా చాలు. కాగితం మీద 20 గళ్ళు గీయండి, గడికి 30 సెకన్లు. ఆ అరనిమిషంలో ఎక్కువసేపు వినిపించిన గొంతు మనదైతే ‘ట’, పిల్లలదైతే ‘పి’, ఎవరిదీ కాకపోతే సున్నా. అది ఇంగ్లిషయితే కింద గీత. పది నిమిషాల్లో కాగితం నిండుతుంది, దాని గురించి ఎవరూ మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇరవై గళ్ళలో పదిహేడు ‘ట’లు కనిపిస్తే గుండె కొంచెం బరువెక్కుతుంది. ఫర్వాలేదు, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. విన్నాక రికార్డింగు చెరిపేయండి. అందులో పిల్లల గొంతులున్నాయి, వాట్సాప్ గ్రూపులకి అది వెళ్ళకూడదు.

రెండోసారి వింటున్నప్పుడు ప్రశ్నలు లెక్కపెట్టండి. మనం వేసే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మనకి ముందే తెలుసు. రాజు పేరేమిటి, కోతి ఎక్కడ కూర్చుంది, ఇలాంటివి. పాఠం అర్థమైందో లేదో చూడటానికి అవీ కావాలి. కానీ ఆ పది నిమిషాల్లో జవాబు మనకి తెలియని ప్రశ్న ఒక్కటైనా ఉందా చూడండి. “నువ్వైతే ఆ కోతికి ఏం చెప్పేవాడివి?” అన్న ప్రశ్నకి జవాబు పిల్లవాడి దగ్గరే ఉంటుంది, అందుకే వాడు ఒక్క పదంతో సరిపెట్టలేడు. ఇక “అర్థమైందా?” ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టండి. దానికి జవాబు ఎప్పుడూ “యెస్ టీచర్” అనే వస్తుంది, అందువల్ల దానితో మనకి తెలిసేది ఏమీ లేదు. దాని స్థానంలో అర్థాన్ని పరీక్షించే చిన్న ప్రశ్న పెట్టాలి. ‘యూజ్డ్ టు’ చెప్పారనుకోండి. “మై గ్రాండ్‌ఫాదర్ యూజ్డ్ టు గో ఫిషింగ్” అని బోర్డు మీద రాసి, “ఇప్పుడు వెళ్తున్నాడా? అప్పట్లో ఒక్కసారే వెళ్ళాడా, చాలాసార్లా?” అని అడగండి. రెండు జవాబులూ సరిగ్గా వస్తే అర్థమైనట్టు. మొదటి దానికి “యెస్” వస్తే వెనక్కి వెళ్ళాలి.

ప్రశ్నకీ పిలుపుకీ మధ్య ఎంత ఆగుతున్నామన్నది ఇంకో లెక్క. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, తెలియదనడం తగ్గింది. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా అంతసేపు ఆగాలని ఆమె చెప్పిన రెండో సంగతిని మనం తరచు మరిచిపోతాం. ఆగితే వాడే ఇంకో వాక్యం కలుపుతాడు. సైన్సు ప్రశ్న సొంత భాషలో విన్నవాళ్ళకే మూడు సెకన్లు కావాల్సి వచ్చిందంటే, ప్రశ్నను ఇంగ్లిషులో విని, తెలుగులో ఆలోచించి, మళ్ళీ ఇంగ్లిషులో వాక్యం కట్టుకోవాల్సిన మన పిల్లలకి ఎంత కావాలో ఆలోచించండి. ఐదు సెకన్లయినా తప్పు కాదు.

చేయాల్సిన వరస చెప్తాను. ముందు ప్రశ్న, తర్వాత మౌనం, చివర పేరు. “లక్ష్మీ, వై డిడ్ ద కింగ్ క్రై?” అని పేరుతో మొదలుపెడితే మిగతా 39 మంది ఊపిరి పీల్చుకుని కిటికీలోంచి చూస్తారు. పేరు చివర్లో వస్తే అందరూ ఆలోచిస్తారు. ఇక్కడ ఎదురయ్యే చిక్కు కోరస్ జవాబు. మూడు సెకన్ల మౌనాన్ని ముందు బెంచీవాళ్ళు భరించలేరు, అరిచేస్తారు. ఆపమని కేకలేస్తే ఆగదు. జవాబు ముందు నోటుపుస్తకంలో ఒక్క మాటగా రాయమనండి, 20 సెకన్లు ఇవ్వండి. చేతిలో పెన్ను కదులుతుంటే నోరు ఆగుతుంది. ఆ వ్యవధిలో మీరు వెనక బెంచీల దాకా నడిచి, సరిగ్గా రాసినవాళ్ళలో ఎప్పుడూ మాట్లాడని ఒకరిని చూసుకుని పిలవచ్చు. తప్పు చెప్తానన్న భయం లేకుండా ఆ పిల్ల నిలబడుతుంది.

ఎవరిని పిలుస్తున్నామో తెలియాలంటే బెంచీల పటం ఒకటి గీసి, జవాబు చెప్పినవాళ్ళ గడిలో టిక్కు పెట్టించండి. ఈ పని ఒక పిల్లవాడికే అప్పగించవచ్చు. వారం రోజుల టిక్కులు చూస్తే మన చూపు ఎటు తిరుగుతోందో బయటపడుతుంది.

ఇప్పుడు పెయిర్ వర్క్, అంటే ఇద్దరిద్దరిగా చేయించే పని. చాలామంది ఒకసారి చేసి, గోల ఎక్కువై మానేశారు. గోల ఎందుకైంది? ఎక్కువసార్లు కారణం పనిలోనే ఉంటుంది. “మీ సెలవుల గురించి పక్కవాడితో మాట్లాడండి” అంటే అర నిమిషంలో మాట అయిపోతుంది. పక్కవాడు అదే వీధిలో ఉంటాడు, వాడి సెలవులు వీడికి తెలుసు. తెలిసినదాన్ని ఇంగ్లిషులో అడగాల్సిన అవసరం ఏముంది? ఇద్దరి దగ్గరా చెరో సగం సమాచారం ఉండాలి, రెండో సగం కోసం అడిగి తీరాలి.

ఊరి పటంతో తేలిగ్గా చేసేది ఒకటి చెప్తాను. మద్దిలపాలెం నుంచి జాతీయ రహదారి మీద తగరపువలస దాకా ఒక గీత గీయండి. దాని మీద వరసగా హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, ఆనందపురం వస్తాయి. ఒకరి కాగితంలో ఎండాడ, ఆనందపురం పేర్లు రాసి మిగతా చోట్ల ఖాళీ వదలండి. రెండోవారి కాగితంలో హనుమంతవాక, మధురవాడ ఉంచండి. రెండింట్లోనూ ఆసుపత్రి, పెట్రోలు బంకు, బడి లాంటివి నాలుగు మీరే కల్పించి పెట్టండి, రెండు ఒకరికి, రెండు ఇంకొకరికి. “వాట్ కమ్స్ ఆఫ్టర్ హనుమంతవాక?”, “వేర్ ఈజ్ ద పెట్రోల్ బంక్?”, “ఇట్ ఈజ్ బిట్వీన్ ఎండాడ అండ్ మధురవాడ.” వాడాల్సిన భాష ఈ మూడు వాక్యాలే, బోర్డు మీదే ఉంటుంది. జెరాక్సుకి డబ్బులు లేకపోతే బోర్డు మీద రెండు పటాలూ గీసి, ఒక వరస బోర్డు వైపు, రెండో వరస బోర్డుకి వీపు పెట్టి కూర్చునేలా చేసినా సగం పని అవుతుంది.

నడిపించే తీరు కూడా అంతే ముఖ్యం. కాగితాలు పంచకముందే సూచనలు చెప్పేయాలి. కాగితం చేతికొచ్చాక మన మాట ఎవరూ వినరు. ఒకటి, మూడు, ఐదో బెంచీల వాళ్ళు వెనక్కి తిరగాలి, బెంచీలు కదపక్కర్లేదు. ఎవరు ‘ఏ’, ఎవరు ‘బి’ అన్నది చేతులెత్తించి తేల్చాలి. ఒక జంటను ముందు నిలబెట్టి ఒక ప్రశ్న, ఒక జవాబు చేసి చూపించాలి. “మీ కాగితం పక్కవాడికి చూపించచ్చా?” అని అడిగి ‘నో’ అనిపించుకోవాలి. సమయం 4 నిమిషాలని బోర్డు మీద రాయాలి. ఆపే గుర్తు ఒకటి ముందే చెప్పాలి, చప్పట్లు రెండుసార్లు చాలు. గబగబా పూర్తి చేసినవాళ్ళకి ‘పటంలోని స్థలాలతో మూడు వాక్యాలు రాయండి’ అనే పని బోర్డు మూల సిద్ధంగా ఉండాలి. గోల పెట్టేవాళ్ళలో చాలామంది పని అయిపోయి ఖాళీగా కూర్చున్నవాళ్ళేనని గమనించండి.

పిల్లలు మధ్యలో తెలుగులో మాట్లాడుకుంటారు. మాట్లాడుకోనివ్వండి. “నువ్వు అడుగు, తర్వాత నేను” అని తెలుగులో అనుకుని ప్రశ్న ఇంగ్లిషులో వేస్తే మన పని జరిగినట్టే. మొత్తం పని తెలుగులో చేసేస్తుంటే మాత్రం మనం బోర్డు మీద ఇచ్చిన వాక్యాలు వాళ్ళ నోటికి రాలేదని అర్థం. ఆపేసి, ఆ మూడు వాక్యాలు నాలుగుసార్లు పలికించి మళ్ళీ మొదలుపెట్టాలి. తిట్టి ప్రయోజనం లేదు.

పెయిర్ వర్క్ అసలు కుదరని గదులు ఉన్నాయి. 60 మంది, కదలడానికి చోటు లేదు, పక్క గదికి మధ్య గోడ సగమే. అలాంటి చోట 1979 నుంచి 1984 వరకు ఇంగ్లిషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు గుర్తుకు తెచ్చుకోవాలి. దక్షిణ భారతంలోని మామూలు బడుల్లోనే అది జరిగింది. జంటలు, గుంపులు లేకుండా ముందు టీచరు తరగతి మొత్తంతో ఒక సమస్యను ప్రశ్నలతో పరిష్కరింపజేస్తారు, తర్వాత అలాంటిదే ఇంకొకటి ప్రతి పిల్లా ఒంటరిగా చేస్తుంది. రైళ్ళ వేళల పట్టిక ఆ తరహా పనికి బాగా పనికొస్తుంది. విశాఖ నుంచి కొత్తవలస, శృంగవరపుకోట, బొర్రా గుహలు, అరకు స్టేషన్లతో ఒక పట్టిక వేయండి, వేళలు మీరే కల్పించండి. “రవి పొద్దున 9 గంటలకి స్టేషనుకి వచ్చాడు. బొర్రా గుహలు రెండు గంటలు చూసి, చీకటి పడకముందే అరకు చేరాలి. ఏ రైలు ఎక్కాలి?” జవాబు చెప్పాలంటే పట్టిక చదవాలి, లెక్క వేయాలి, కారణం చెప్పాలి. ఇలాంటి తర్కం అవసరమయ్యే పనులే తరగతిలో అన్నిటికన్నా బాగా నడిచాయని ప్రభు తేల్చారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. అభిప్రాయం చెప్పమంటే బిగుసుకుపోయే పిల్లలు లెక్క తేల్చమంటే ముందుకు వస్తారు.

ఇక తప్పుల సంగతి. మన పిల్లలు చేసే తప్పుల్లో పెద్ద భాగం తెలుగు వ్యాకరణం నుంచి వచ్చేవే. ఆ కారణం తెలిస్తే దిద్దడం తేలికవుతుంది.

తెలుగులో ఇంగ్లిషు ‘హ్యావ్’ లాంటి క్రియ లేదు. ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు’ అంటాం. అందుకే “టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్” వస్తుంది, దాన్ని దిద్దబోతే “ఐ యామ్ హ్యావింగ్” వస్తుంది. ‘మా నాన్న ఆటో డ్రైవరు’ అనే వాక్యంలో మనకి క్రియే అక్కర్లేదు, కాబట్టి “మై ఫాదర్ ఆటో డ్రైవర్” అంటారు. ప్రశ్న అడగడానికి తెలుగులో పదాల వరస మార్చం, కాబట్టి “వేర్ యు ఆర్ గోయింగ్?” అంటారు. ఇక్కడ జాగ్రత్త కావాలి: వరస మార్చడం గట్టిగా నేర్పామంటే వాళ్ళు దాన్ని “టెల్ మీ వేర్ ఆర్ యు గోయింగ్” దాకా లాక్కుపోతారు. ఇది కొత్త తప్పు, కానీ నేర్చుకున్నాడనడానికి గుర్తు కూడా.

‘ఎ’, ‘ద’ మాటలకి మన భాషలో సమానమైనవి లేవంటారు. కొంత వరకు ఉన్నాయి. ‘ఒక ఊళ్ళో ఒక రాజు ఉన్నాడు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. ఈ కథ వాక్యాలతో మొదలుపెడితే ఐదో తరగతి పిల్లలు కూడా పట్టుకుంటారు. ‘ద సన్’, ‘ద సీ’ దగ్గరికి వచ్చేసరికి ఇది పనిచేయదు, అక్కడ ‘లోకంలో ఒకటే ఉన్నది, అందరికీ తెలిసినది’ అని వేరే చెప్పాలి. రెండూ ఒకే రోజు చెప్పకండి.

ఉచ్చారణలో అన్నీ దిద్దాలని చూడకండి. అర్థం చెడగొట్టేవి ముందు. తెలుగులో మాట చివర అచ్చు ఉండటం అలవాటు కనుక ‘బస్’ బస్సవుతుంది. మాట మొదట్లో ఎ, ఓలకి ముందు య, వ చేర్చి పలకడం అలవాటు కనుక ‘ఎగ్’ యెగ్గవుతుంది, ‘ఓన్లీ’ వోన్లీ అవుతుంది. దిక్కు పేరు ‘వెస్ట్’కీ, బనియను ‘వెస్ట్’కీ మనం ఒకే ‘వ’ వాడతాం. దిక్కుకి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్ళు తగలకూడదు. బనియనుకి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. ఫోను సెల్ఫీ కెమెరాను అద్దంలా పెట్టి చూపిస్తే రెండు నిమిషాల్లో తేడా కనిపిస్తుంది. ఇంగ్లిషులో మాటలోని ఏ భాగం మీద ఊనిక పడుతుందన్నది వీటన్నిటికన్నా పెద్ద విషయం. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి భాగం మీద, ‘ఫోటోగ్రఫీ’లో రెండో భాగం మీద. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని వినదు. రెండు చేతుల మధ్య రబ్బరుబ్యాండు పట్టుకుని ఊనిక ఉన్న చోట సాగదీస్తూ పలికించండి. ముందు మనం నిఘంటువులో గుర్తు చూసి సరిచూసుకోవాలి. రోజుకి రేపటి పాఠంలోని ఐదు మాటలు చాలు.

ఒక్క మాట. మన తరగతుల్లో అందరి ఇంటి భాషా తెలుగు కాదు. నేవీ, స్టీల్ ప్లాంట్ కుటుంబాల్లో హిందీ, ఒడియా పిల్లలున్నారు. ఏజెన్సీ బడుల్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకి తెలుగే రెండో భాష. తెలుగులో వివరించగానే పని అయిపోయిందనుకుంటే వాళ్ళు రెండుసార్లు వెనకబడతారు. వాళ్ళకి బొమ్మ, వస్తువు, చేసి చూపడం ముందు రావాలి.

తెలుగు తెలిసిన తరగతికి మాత్రం మన చేతిలో ఒక మంచి వనరు ఉంది. గణితం, సైన్సు, సోషల్ పాఠ్యపుస్తకాలు కొన్నేళ్ళుగా ద్విభాషా రూపంలో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లిషు టీచర్లం వాటిని ముట్టుకోం. సోషల్ మాస్టారు గత వారం చెప్పిన పాఠంలోంచి ఒక పేరా తీసుకోండి. విషయం పిల్లలకి తెలుసు కాబట్టి భాష మీద మనసు పెట్టగలరు. తెలుగు పేజీలో ‘వల్ల’, ‘కాబట్టి’, ‘అయినప్పటికీ’ ఎక్కడున్నాయో గీత గీయించి, ఎదురు పేజీలో వాటికి జంట ఏదో వెతకమనండి. 15 నిమిషాల పని. వాక్యానికి వాక్యం అనువాదం చెప్పే పద్ధతిలోకి జారకుండా చూసుకోండి, అలా చేస్తే పిల్లలు ఇంగ్లిషు పేజీ వైపు చూడటమే మానేస్తారు.

వినడం, రాయడం కలిపి చేయించే పని ఒకటి. ఆర్కే బీచ్‌లో అందరూ చూసిన కుర్సురా జలాంతర్గామి మీద నాలుగు వాక్యాలు: “ది కుర్సురా ఈజ్ అ సబ్‌మెరైన్. ఇట్ జాయిన్డ్ ది ఇండియన్ నేవీ ఇన్ 1969. ఇట్ సర్వ్‌డ్ ఫర్ 31 ఇయర్స్. ఇట్ హ్యాజ్ బీన్ అ మ్యూజియం సిన్స్ 2002.” మొదటిసారి మామూలు వేగంతో చదవండి, పిల్లలు పెన్ను కింద పెట్టి వింటారు. రెండోసారి చదివినప్పుడు ముఖ్యమైన మాటలు రాసుకుంటారు. తర్వాత ఇద్దరిద్దరు కలిసి 8 నిమిషాల్లో వాక్యాలు తిరిగి కడతారు. డిక్టేషన్‌లా ముక్కలు ముక్కలుగా చదివారో పని చెడుతుంది, వాళ్ళు కట్టడానికి ఏమీ మిగలదు. నాలుగో వాక్యం దగ్గర చాలామంది “ఇట్ ఈజ్ మ్యూజియం ఫ్రమ్ 2002” అని రాస్తారు. తెలుగులో ‘2002 నుంచి మ్యూజియంగా ఉంది’ అంటాం కదా. ఇప్పుడు అసలు వాక్యం బోర్డు మీద రాస్తే తేడాను వాళ్ళే పట్టుకుంటారు. ఆ క్షణంలో చెప్పిన వ్యాకరణం నిలుస్తుంది.

దిద్దే తీరు గురించి. పిల్లవాడు “హి గో” అంటే మనం “హి గోస్, గుడ్, నెక్స్ట్” అనేస్తాం. లిస్టర్, రాంటా అనే ఇద్దరు కెనడాలో ఫ్రెంచి మాధ్యమ తరగతులను గమనించి 1997లో ఒక పత్రం ప్రచురించారు. టీచర్లు అన్నిటికన్నా ఎక్కువగా వాడేది ఇలా సరిచేసి తిరిగి చెప్పడమే, పిల్లలు అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేదీ అదే. మనం ఒప్పుకున్నామో దిద్దామో వాళ్ళకి తెలియదు. “హి…?” అని ఆగి చూడండి, వేలితో ఒక గుర్తు చూపండి. తెలిసిన తప్పయితే వాడే దిద్దుకుంటాడు. తెలియనిదైతే అప్పుడు చెప్పండి. పెయిర్ వర్క్ మధ్యలో దిద్దకండి. చీటీ మీద రాసుకుని చివరి 5 నిమిషాల్లో పేర్లు లేకుండా ఐదు వాక్యాలు బోర్డు మీద పెట్టండి, రెండు ఒప్పులు, మూడు తప్పులు. ఏవి ఏవో వాళ్ళే తేల్చాలి. ఒప్పులు కలపకపోతే బోర్డు నేరాల జాబితాలా కనిపిస్తుంది, మర్నాడు ఎవరూ నోరు విప్పరు.

నోటుపుస్తకాలు 40, ఒక్కోదానికి 3 నిమిషాలంటే 2 గంటలు. పైగా ఎర్ర సిరా నిండిన పేజీని పిల్లలు చూడరు. ఈ వారం క్రియా రూపాలు మాత్రమే అని ముందే చెప్పి, తప్పున్న వరస పక్కన మార్జిన్‌లో ఒక చుక్క పెట్టండి. ఎక్కడుందో వాళ్ళు వెతికి దిద్దాలి. తనిఖీకి వచ్చినవాళ్ళు మిగతా తప్పులెందుకు వదిలేశారని అడుగుతారు. పేజీ పైన ‘ఈ వారం: క్రియలు’ అని రాసి ఉంచితే ఆ ప్రశ్న రాదు.

చివరిగా, తోడుండే టీచరు సంగతి. ఇద్దరు కలిసి చేసే పరిశీలనకి ముందు 5 నిమిషాలు, తరగతిలో 20 నిమిషాలు, తర్వాత 10 నిమిషాలు చాలు. ముందు 5 నిమిషాల్లో ఏం చూడాలో పాఠం చెప్పేవారే చెప్తారు, ఒక్కటే చెప్తారు. ‘ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నానో చూడండి’, అంతే. చూసేవారు వెనక కూర్చుని చూసింది, విన్నది రాస్తారు. ‘బాగుంది’, ‘ఇంకా బాగా చెప్పాల్సింది’ లాంటి మాటలు కాగితం మీద ఉండకూడదు. ‘10:20, ప్రశ్న, 1 సెకను, ముందు బెంచీ’ అని ఉండాలి. తర్వాతి పది నిమిషాల్లో పాఠం చెప్పినవారు ముందు మాట్లాడాలి. వచ్చే వారం పాత్రలు మారాలి. ఒకే అలవాటు మీద నాలుగు వారాలు ఉండండి. మొదటి వారంలో కొత్త అలవాటు ఎబ్బెట్టుగా ఉంటుంది, మౌనంలో మూడు సెకన్లు మూడు నిమిషాల్లా అనిపిస్తాయి. చాలామంది అక్కడే వదిలేస్తారు.

బడిలో ఇంగ్లిషుకి మీరొక్కరే ఉంటే తెలుగు మాస్టారినో, సైన్సు టీచరమ్మనో పిలవండి. సెకన్లు, టిక్కులు లెక్కపెట్టడానికి ఇంగ్లిషు పాండిత్యం అక్కర్లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మన సబ్జెక్టుకి అరగంట దొరికితే, అందులో ఒకరు 12 నిమిషాలు మనల్నే పిల్లలుగా కూర్చోబెట్టి పాఠం నడపాలి, తర్వాత పరిశీలన కాగితాలు పెట్టుకుని మాట్లాడుకోవాలి, చివరి ఐదు నిమిషాల్లో ప్రతి ఒక్కరూ రాబోయే నెల చూసుకోబోయే ఒక్క అలవాటు రాసుకోవాలి.

హెడ్‌మాస్టర్లు, మండల విద్యాధికారులు (ఎంఈవోలు) ఎవరైనా ఇక్కడ ఉంటే వారికొక విన్నపం. ఆ పరిశీలన కాగితాలు అడగకండి, ఫైల్లో పెట్టించకండి. టీచరు పనితీరును అంచనా వేయడానికి మీకు వేరే పత్రాలున్నాయి. ఈ కాగితం ఫైలుకి వెళ్తుందని తెలిసిన రోజున ప్రతి టీచరూ తన అన్నిటికన్నా మంచి పాఠమే చూపిస్తారు, తడబడే పాఠం ఎవరి కంటా పడదు. చూసినవారు రాసిన కాగితాన్ని, నకలు తీయకుండా, పాఠం చెప్పినవారి చేతికే ఇచ్చేయాలి.